కళ్లెం విడిపించే మందు

2015 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మెదడుకు పాకిందని ప్రకటించారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. డిసెంబరు నాటికి స్కానింగులో మచ్చల జాడ లేదు. రేడియేషన్‌తో పాటు ఆయనకు ఇచ్చిన మందు పెంబ్రోలిజుమాబ్. ఆయన కన్నుమూసింది 2024లో, నూరేళ్లు నిండాక.

ఈ మందు క్యాన్సర్ కణాన్ని తాను చంపదు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు దారి తప్పకుండా శరీరమే వాటికి కళ్లెం వేసి ఉంచుతుంది. మెలనోమా ఆ కళ్లేన్నే పట్టుకుని వాటిని నిలిపేస్తుంది. మందు ఆ పట్టు విడిపిస్తుంది, అంతే! ఈ గుట్టు విప్పినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. ఒళ్లంతా పాకిన మెలనోమాతో ఒకప్పుడు చాలామందికి ఏడాది గడవడమే కష్టం. ఇదే తరహా మందులైన ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకున్నవారిలో పదేళ్లకు 43 శాతం మంది బతికే ఉన్నారని 2024లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. ఈ సంచికను ఈ వ్యాధికే కేటాయించడానికి కారణం ఆ అంకె.

అందరికీ పనిచేయదన్నదీ నిజమే. కళ్లెం వదిలిన టీ-కణాలు పేగుల మీద, కాలేయం మీద, థైరాయిడ్ మీద పడవచ్చు. ధర మరీ బాధాకరం. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో అతి తక్కువ మోతాదు నివోలుమాబ్‌తోనూ మేలు చూపించారు. మెలనోమాకూ అలాంటి ప్రయత్నం జరగాలని గట్టిగా కోరుతున్నాం.

మన దేశంలో మెలనోమా అరుదు. వస్తే తరచూ అరికాలిలోనో, గోటి కిందో వస్తుంది. ఆ రకం ఈ మందులకు అంతగా లొంగదు. అరికాలిలో పెరుగుతున్న నల్లమచ్చను ఆనె అనుకుని బ్లేడుతో చెక్కకండి, చర్మవైద్యులకు చూపించండి. అలాంటి మచ్చల ఫొటోలు మధ్య పేజీల్లో ఇచ్చాం.