రాక్షసగుళ్ళు కావు, మనుషుల బొందలు!



పట్నం చూస్తామని ఊరి నుంచి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకుపోతాం? చార్మినార్ చూపిస్తాం. గోల్కొండ ఎక్కిస్తాం. పిల్లలు మారాం చేస్తే పబ్లిక్ గార్డెన్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూపిస్తాం. రెండువేల ఏళ్ళు దాటిన ఆ పరాయి దేశపు పీనుగకు అద్దాల పెట్టె ఉంది, కాపలా ఉంది, టికెట్టు ఉంది. మంచిదే. చచ్చినవాళ్ళను గౌరవించడం తప్పని మేమనం. కానీ ఆ మమ్మీకి వయసులో ఏమాత్రం తీసిపోని మనుషులు ఇదే నగరంలో, మన అల్వాల్ పక్కనే, పాత బోయినపల్లి దాటి హస్మత్‌పేటలో మట్టికింద పండుకొని ఉన్నారు. వాళ్ళను చూడ్డానికి మనలో ఎంతమందిమి పోయినం? అసలు ఉన్నారని మనకు ఎవరు చెప్పారు?

మాకూ ఎవరూ చెప్పలేదు. మేము బడిపంతుళ్ళం. మా ఇండ్లల్లో మొట్టమొదట డిగ్రీ కాయితం చూసినవాళ్ళం. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి బతుకుతున్నవాళ్ళం. అయినా హస్మత్‌పేట గుండ్లు మాకు నలభై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు. ఇది మా సిగ్గు. ఈ సిగ్గు మా ఒక్కళ్ళదే కాదు, మాకు చదువు చెప్పిన చదువుది కూడా!

మొన్న ఒక ఆదివారం మా వాడ నుంచి రెండు ఆటోలు కట్టుకొని పోయినం. పదో తరగతి పిల్లలు, ఇద్దరు ముగ్గురు సంఘం కార్యకర్తలు, మాతోపాటు ఒక ముసలాయన. ఆయనది బేగరి పని చేసిన ఇల్లు. ఊళ్ళో ఎవరు చచ్చినా బొంద తవ్వింది ఆయన తాత, ఆయన తండ్రి, కొన్నాళ్ళు ఆయన. చుట్టూ ఇండ్లు, కరెంటు తీగలు, పారేసిన ప్లాస్టిక్ సంచులు, ముళ్ళచెట్లు. నడుమ గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్యలో రాళ్ళ కుప్పలు. పిల్లలు సెల్‌ఫోన్లు తీసి ఫొటోలు దిగుతున్నారు. మేము పుస్తకంలో చదివింది చెప్పబోతున్నాం. ముసలాయన గుండ్ల చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి వచ్చి అన్నాడు: "గిది బొందలగడ్డ సారూ. నక్కలు తవ్వకుండ రాళ్ళు పేర్చిండ్రు. మా తాత గిట్లనే పేర్చెటోడు."

పుస్తకం చదవని మనిషి ఒక్క మాటలో చెప్పాడు. మరి పుస్తకాలు చదివినవాళ్ళు, పురాణాలు చెప్పినవాళ్ళు ఏం పేరు పెట్టారు? తెలుగు నేలమీద ఎక్కడ ఇలాంటి రాతి సమాధులున్నా వాటిని 'రాక్షసగుళ్ళు' అన్నారు. లేకుంటే 'పాండవుల గుళ్ళు' అన్నారు. ఈ రెండు పేర్లలోనే మొత్తం మనువాదం దాగి ఉంది, చూడండి! ఇంతింత బండలను ఎత్తి నిలబెట్టింది మామూలు మనుషులని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. మెచ్చుకోవాలంటే పాండవులకు కట్టబెట్టారు. భయపెట్టాలంటే రాక్షసులకు అంటగట్టారు. నడుమ మనిషి మాయమైపోయాడు. పని చేసినవాడి పేరు చెరిపేసి కథలోని రాజుకు పట్టా రాసివ్వడం ఇవాళ కొత్తగా వచ్చిన విద్య కాదు!

ఆ మనుషులు ఎవరో భూమి చెబుతోంది. ఇవి ఇనుపయుగం సమాధులు. సుమారు మూడువేల ఏళ్ళ కిందట మొదలై దాదాపు వెయ్యేళ్ళు దక్కను అంతటా ఈ తీరుగా బొందపెట్టారు. గుంత తవ్వి, కొన్నిచోట్ల రాతిపలకలతో పెట్టెలా కట్టి, అందులో మనిషిని గానీ ఎముకలను గానీ పెట్టారు. పక్కన కుండలు పెట్టారు. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే నున్నటి కుండలు. కత్తి, కొడవలి, గొడ్డలి లాంటి ఇనుప సామాను పెట్టారు. పూసలు పెట్టారు. పైన మట్టి, రాళ్ళు పోసి చుట్టూ గుండ్లు పేర్చారు. 1916లోనే హంట్ అనే ఆయన హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి సమాధుల గురించి రాశాడు. మౌలాలీ గుట్ట పక్కన తవ్వి చూశారు. అంటే చదువుకున్నవాళ్ళకు వందేళ్ళ పైనుంచే ఈ సంగతి తెలుసు. తెలియనిది మన పిల్లలకే!

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ బొందలోని సామాను ఎవరి పనితనం? కుండ చేసింది ఎవరి చెయ్యి? రాయి నుంచి ఇనుము కరిగించింది ఎవరి కొలిమి? బండను పగలగొట్టి దొర్లించుకొచ్చింది ఎవరి భుజం? ఇదే తెలంగాణ నేలమీద ఆ ఇనుప విద్య ఎంత దూరం పోయిందంటే, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పారశీక దేశపు వర్తకులు వెతుక్కుంటూ వచ్చారు. ఏ పనులు ఈ దేశానికి నాగరికతను ఇచ్చాయో ఆ పనులు చేసేవాళ్ళనే కిందివాళ్ళన్నారు. చచ్చిన గొడ్డు తోలును చెప్పుగా, డప్పుగా, మోటబొక్కెనగా మార్చినవాణ్ణి ఊరి బయటికి తోలారు. చచ్చిన మనిషికి మర్యాదగా బొంద తవ్వినవాణ్ణి ముట్టుకోగూడదన్నారు. చావుకు మర్యాద చేసినవాడు మైలపడ్డాడట, చావు పేరున దానాలు పుచ్చుకున్నవాడు పవిత్రుడట!

ఇక్కడ మా మాటను జాగ్రత్తగా వినండి. హస్మత్‌పేట బొందల్లో ఉన్నది మాలలనో, మాదిగలనో, మా నెత్తురేననో మేము అనడం లేదు. ఎముకకు కులం ఉండదు. నెత్తురును బట్టి జాతులు లెక్కగట్టే పని మనది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1946లో శూద్రుల గురించి రాసిన పుస్తకంలో ఆర్యజాతి సిద్ధాంతాన్నే ఒప్పుకోలేదు. అంటరానితనం పుట్టింది జాతి తేడా వల్ల కాదని 1948లో మళ్ళీ వాదించాడు. ఆ కాలమంతా స్వర్గమని కూడా మేము చెప్పం. ఇంత రాతిపని అందరి చావుకూ దక్కి ఉండదు. అప్పుడూ పెద్ద బొంద, చిన్న బొంద ఉండే ఉంటాయి. మేము అడిగేది ఒక్కటే. పని ద్వారా, మట్టి ద్వారా, బొందపెట్టే ఆచారం ద్వారా ఆ మనుషులకు దగ్గరివాళ్ళం మనం. వాళ్ళు మనుషులని చెప్పాల్సిన బాధ్యత మనది.

ఈ నగరంలోనే మన పెద్దలు ఆ పని మొదలుపెట్టారు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి వాడవాడకూ తిరిగాడు. 1917లో బెజవాడలో పంచముల మహాసభకు అధ్యక్షుడై, మనం పంచములం కాము, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని నిలబడ్డాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు మనవాళ్ళను ఆది హిందువులుగా రాసిందంటే ఆ పోరాటం వల్లనే. 'ఆది' అన్న మాట వాళ్ళకు గొప్ప చెప్పుకునే మాట కాదు, హక్కు అడిగే మాట. మన డక్కలోళ్ళు చెప్పే జాంబపురాణంలోనూ ఇదే ఉంది కదా! భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడంటారు. చరిత్ర పుస్తకంలో చోటు దొరకనివాళ్ళు పురాణంలో చోటు చేసుకున్నారు.

అయినా పాత రాళ్ళ గోల ఇప్పుడెందుకు, ఉద్యోగాలు లేవు, భూములు లేవు, వాటి సంగతి చూడండి అని మాలోనే కొందరు తమ్ముళ్ళు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెబుతాం.

మా అల్వాల్ పక్క వాడల్లో ఇవాళ జరుగుతున్నది ఏమిటి? అల్వాల్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి. నీరడి, షేక్‌సింధి, బేగరి పనులు చేసినందుకు మన తాతలకు ఇచ్చిన ఇనాం చెక్కలు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. అసైన్డు భూమి కొనడం, అమ్మడం చెల్లదని 1977లో చట్టం వచ్చింది. చట్టం కాయితంమీద ఉంది, భూమి కాంపౌండు గోడ లోపల ఉంది. ఇప్పుడు బొందలగడ్డల వంతు వచ్చింది. మా వాడ బొందలగడ్డ అంచున ఒక వెంచరు వాళ్ళు రాళ్ళు పాతారు. అడగబోతే వాళ్ళ మనిషి ఏమన్నాడో తెలుసా? "ఇక్కడ సమాధులున్నట్టు గుర్తులేం ఉన్నాయి? ఏదీ చూపించండి" అన్నాడు. మన తాతకు పాలరాతి పలక వేయించే స్తోమతు మనకు లేదు. తలాపున ఒక రాయి పెట్టి, దీపం పెట్టి వచ్చాం. ఆ రాయిని రాత్రికి రాత్రి దొర్లించి, తెల్లారి గుర్తేదని అడుగుతున్నాడు!

తమ్ముళ్ళారా, ఇప్పుడు తెలిసిందా పాత రాళ్ళ గోల ఎందుకో? మూడువేల ఏళ్ళ నాటి పెద్ద గుండ్లకే దిక్కు లేకపోతే, ముప్పై ఏళ్ళ నాటి మన చిన్న రాయికి దిక్కెక్కడ? సర్కారు రికార్డులో హస్మత్‌పేట రక్షిత స్థలం. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం కూడా వచ్చింది. అయినా అక్కడి తీరు మేము కళ్ళారా చూసినం. మౌలాలీ చుట్టూ ఉన్న సమాధుల్లో ఎన్నో కాలనీల కింద కలిసిపోయాయి. రాజుల గోరీలను కోట్లు పెట్టి బాగుచేస్తే మాకు కడుపుమంట లేదు. వాటి గోడలు కట్టింది కూడా మన కూలీల చేతులే. పేరున్న గోరీకి తోట, పేరులేని బొందకు చెత్త అన్న నీతినే ప్రశ్నిస్తున్నాం.

బొంద అంటే హక్కు అని మనకు చుండూరు నేర్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ మనవాళ్ళను నరికితే, ఆ శవాలను ఊరి బయట దాచిపెట్టలేదు. ఊరి నడుమ బొందపెట్టి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తీర్పు మారింది గానీ రక్తక్షేత్రం కదల్లేదు. కోర్టు మరిచినా ఆ మట్టి మరవదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాం. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనూ ఇలాంటి ఇనుపయుగం సమాధులున్నాయి. ఆ యూనివర్సిటీ వాళ్ళే తవ్వి చూశారు. అదే ఆవరణలో హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకొని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. మట్టికింద ఈ నేలకు ఇనుము నేర్పినవాళ్ళ బొందలు, మట్టిమీద వాళ్ళ పనితనాన్ని మోస్తున్న పిల్లలకు వెలివాడ. మూడువేల ఏళ్ళ చరిత్ర ఒక్క ఆవరణలో కనబడుతోంది, చూసే కళ్ళుంటే!

పేదల ఇండ్లు కూలగొట్టి రాళ్ళను కాపాడండి అని మేము అడగడం లేదు. ఆ పేరు చెప్పి పేదోడి గుడిసెమీదికి బుల్డోజర్ వస్తే ముందు అడ్డం పడుకునేది మేమే. గుడిసె వేసుకున్నవాడికి చోటు చూపించకుండా కదిలించగూడదు. ప్లాట్లు చేసి అమ్ముకున్నవాడిని వదలగూడదు. మిగిలిన గుండ్ల చుట్టూ కంచె వేయాలి. అక్కడ తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. దానిమీద రాక్షసులని కాదు, 'ఇనుము కరిగించిన, కుండలు చేసిన, సేద్యం చేసిన మనుషుల సమాధులు' అని రాయాలి. అల్వాల్, బోయినపల్లి, మేడ్చల్, శామీర్‌పేట బడుల పిల్లలను ఏటా అక్కడికి తీసుకుపోవాలి.

సర్కారు చేసేదాకా కూర్చోవద్దు. మన పని మనం మొదలుపెడదాం. ప్రతి వాడలో ముసలోళ్ళను కూచోబెట్టుకొని బొందలగడ్డ హద్దులు రాయించండి. 1954-55 ఖాస్రా పహాణీ నకలు, ఊరి నక్షా తీయించండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. అందులో మీ బొందలగడ్డ ఏమని రాసి ఉందో చూడండి. ఏప్రిల్ 14కు అంబేడ్కర్ విగ్రహానికి దండ వేసినట్టే, అదే రోజు బొందలగడ్డకు పోయి ముళ్ళు కొట్టి, పడిపోయిన రాళ్ళు లేపి, పేర్లు తెలిసినవాళ్ళ పేర్లు సుద్దతోనైనా రాయండి.

మా ముసలాయన ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగి పోయి, వంగి ఒక పిడికెడు మట్టి తీసి ఆ రాళ్ళ కుప్పమీద వేశాడు. పిల్లలు ఎందుకు తాతా అని అడిగారు. "ఎవలైతేంది బిడ్డా, మట్టిచ్చి పోవాలె" అన్నాడు. పిల్లలు ఒకరి వెనక ఒకరు వంగి మట్టి తీసుకున్నారు. మేమూ తీసుకున్నాం.

రాక్షసులకు ఎవరూ మట్టి ఇవ్వరు. అక్కడున్నది మనుషులు!

జై భీమ్!