పారిస్ పూటకూళ్ళ ఇంటికి నగరి కుర్రాడు

పారిస్ అనగానే మన సినిమావాళ్ళకి గుర్తొచ్చేది ఒక్కటే... పాట! వెనకాల ఐఫిల్ టవరు కనిపించాలి, హీరోయిన్ పమిట గాలికెగరాలి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్కులో ఇద్దరూ రోడ్డు పక్క కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగాలి. అలాంటి పాటలు ఎన్ని చూశానో లెక్కలేదు గానీ, ఆ కాఫీకి హీరోగారు పర్సు తీసి డబ్బులిచ్చిన షాటు మాత్రం నా కంటబడలేదు. పాటలో బిల్లు రాదు మరి! బిల్లొచ్చేది మీకూ నాకూనే.

అందుకని ఈ వారం ఇంటర్వెల్ కబుర్లు ఆ రోడ్డు పక్క కుర్చీల గురించి. ఆ కుర్చీలు వేసే చిన్న హోటళ్ళలో ఒక రకాన్ని ఫ్రెంచివాళ్ళు 'బిస్ట్రో' అంటారు. హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, బెంగుళూరులోనూ ఈ పేరుతో బోర్డులు కనిపిస్తూనే వున్నాయి. అద్దాల తలుపు, పసుప్పచ్చ దీపాలు, లోపల మెల్లగా పాట. అది చూడగానే అడుగు వెనక్కి వేసే కుర్రకారు మనలో ఎంతమందో! "మనకెందుకులే, ఎంతవుతుందో, ఏమడగాలో" అని. డబ్బు భయం సగం, పరువు భయం సగం.

ఆ పరువు భయాన్ని వెండితెర మీద శ్రీదేవి చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు. 2012లో వచ్చిన 'ఇంగ్లిష్ వింగ్లిష్' గుర్తుంది కదా? ఇంట్లో లడ్డూలు చేసి అమ్ముకునే ఇల్లాలు న్యూయార్క్‌లో ఒక కాఫీ హోటలుకి వెళ్తుంది. కౌంటరులో అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆమెని ఉక్కిరిబిక్కిరి చేసి ఏడిపించి పంపిస్తుంది. తమాషా ఏమిటంటే, అదే సినిమాలో ఆ ఇల్లాలి విలువ ముందుగా గ్రహించేది ఒక ఫ్రెంచి వంటవాడు! వంట చేసేవాడికి వంట చేసేవాళ్ళ విలువ తెలుస్తుంది. హోటలు తలుపు దగ్గర భయపడే ప్రతివాడూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ బిస్ట్రో అంటే ఏమిటంటారా? అచ్చ తెలుగులో పూటకూళ్ళ ఇల్లు. మన వాడుకలో మెస్సు. అంతకన్నా గొప్పదేం కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఓవెర్న్ అనే కొండసీమ నుంచి జనం బతుకుతెరువుకి పారిస్ చేరారు. నీళ్ళు మోశారు, బొగ్గులమ్మారు. కొట్లో ఒకపక్క బొగ్గుల బస్తాలు, ఇంకోపక్క ద్రాక్షసారా గ్లాసులు. క్రమంగా పొయ్యి మీద ఏదో ఒక కూర కూడా ఉడకడం మొదలైంది. అలాంటి కొట్ల నుంచి పెరిగినవే చాలా బిస్ట్రోలు. ఆ రోజుల్లోనే ద్యువాల్ అనే కసాయి ఇంకో పని చేశాడు. కూలీలకి చౌకగా మాంసం ముక్క, వేడివేడి చారు పెట్టే కొట్లు తెరిచాడు. వాటిని 'బుయ్యోఁ' అన్నారు, అంటే చారే! ఆ వరసలో 1896లో పెట్టిన 'షార్తియే' పారిస్‌లో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సర్వరు బిల్లు వేరే కాగితం మీద రాయడు. మీ బల్ల మీద పరిచిన కాగితం మీదే గీకి కూడిక చేస్తాడు. మన ఊరి మెస్సులో గోడ మీద ఖాతా రాసినట్టు!

బిస్ట్రో అనే మాట గురించి ఒక కథ వుంది. 1814లో పారిస్‌లో దిగిన రష్యా సైనికులు "బిస్త్రో, బిస్త్రో" (త్వరగా, త్వరగా) అని కేకలేశారనీ, దాంతో ఆ పేరొచ్చిందనీ. సినిమాకి పనికొచ్చే సీనే గానీ, భాషా పండితులు ఒప్పుకోరు. ఆ మాట అచ్చులో కనబడింది 1880ల్లోనే. డెబ్భై ఏళ్ళు ఎక్కడ దాక్కున్నట్టు?

సరే, పారిస్ టిక్కెట్టు మన వల్ల కాదు. పుదుచ్చేరి టిక్కెట్టు అవుతుంది కదా! ఫ్రెంచివాళ్ళు మనకేం కొత్తవాళ్ళు కాదు. మన యానాం 1954 దాకా వాళ్ళ ఏలుబడిలోనే వుంది, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే వుంది. ఇక మా నగరి సంగతి. నగరి అనగానే సినిమా పాఠకులకి రోజాగారు గుర్తొస్తారు, 2014లోనూ 2019లోనూ అక్కణ్ణించే అసెంబ్లీకి వెళ్ళారు కాబట్టి. నాకు మాత్రం మరమగ్గాల చప్పుడు గుర్తొస్తుంది. తిరుపతి నుంచి పుదుచ్చేరి పోయే రైలు మా ఏకాంబరకుప్పం మీదుగానే పోతుంది. పోయిన చలికాలం మా పిన్నమ్మ కొడుకు మొదటి జీతం అందుకుని "నా, ఫ్రెంచోళ్ళ హోటల్లో తినాల నా" అన్నాడు. సరే పదమన్నాను.

పుదుచ్చేరిలో కాలవకి ఇటుపక్క తమిళ వీధులు, అటుపక్క తెల్లవాళ్ళ వీధులు. రూ ద్యుమా, రూ రొమేఁ రొల్లాఁ అని పేర్లు, పసుపు గోడలు, గోడల మీద కాగితం పూలు. ఒక చిన్న హోటలు ముందు మావాడు ఆగిపోయాడు.

"నువ్వు ముందు పో నా. మగ్గాలోళ్ళ పిల్లోణ్ణి, నాకు ఆ చెంచాలు పట్టుకునేది రాదు. అందురూ నన్నే చూస్తారు."

"ముందు ఈ పలక చదువప్పా" అన్నాను. తలుపు పక్కన నల్లపలక మీద సుద్దముక్కతో ఆ రోజు వంటలు, ధరలు రాసి వున్నాయి. ఏడే ఏడు వంటలు. చదివి, వేళ్ళ మీద లెక్కేసుకుని, లోపలికొచ్చాడు.

సర్వరు కుర్రాడు ఇంగ్లీషులో మొదలెట్టాడు. మావాడి మొహం శ్రీదేవి మొహంలా అయిపోయింది. కానీ ఆ కుర్రాడు వంటింటి వైపు తిరిగి ఏదో తమిళంలో కేకేశాడు. ఇంకేముంది! నగరిలో తమిళం ఉగ్గుపాలతోనే వస్తుంది. మావాడు తమిళంలో అందుకున్నాడు. ఉల్లిపాయ చారులో ఏం పోస్తారు? గొడ్డు ఎముకలు ఉడికించిన నీళ్ళు. అయితే వద్దు. 'కోకోవాఁ' అంటే ఏంది? ముదురు పుంజుని ద్రాక్షసారాలో మెత్తబడేదాకా ఉడికిస్తారు. అది పల్లెటూరి వంటేనట, ముదురు కోడి ముక్క ఊరికే ఉడకదు కాబట్టి.

తెచ్చిపెట్టాక మావాడు రెండు ముక్కలు తిని తల పైకెత్తాడు. "ఇది మన నాటుకోడి పులుసే గదా నా! నీళ్ళ బదులు సారా పోసినారు. రొట్టెకి బదులు సంగటుంటే ఇంకా బాగుండు." ఫ్రెంచి వంట మీద ఇంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు. చెంచా పక్కన పెట్టేసి రొట్టె తుంచి పులుసులో అద్దుకుని తిన్నాడు. ఎవరూ చూడలేదు. పక్క బల్ల దగ్గర తెల్లాయన కూడా అదే చేస్తున్నాడు!

ఇక బిల్లు. కోడికూర 520, ఆమ్లెట్టు 240, ఇద్దరం పంచుకున్న కారమెల్ కస్టర్డు 140. మొత్తం 900. దాని మీద సర్వీసు చార్జి 90, ఆపైన 5 శాతం జీఎస్టీ. "ఈ తొంభై ఏంది నా?" అన్నాడు. చెప్పాను. సర్వీసు చార్జిని హోటలువాళ్ళు తమంతట తాము బిల్లులో వేయకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ సంస్థ నియమం పెట్టింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మావాడు లేచి వెళ్ళి మర్యాదగా అడిగాడు. కౌంటరులో పెద్దాయన మారుమాట్లాడకుండా కొట్టేసి, 945 రూపాయల బిల్లు మళ్ళీ ఇచ్చాడు. బయటికి వస్తూ మావాడు సర్వరు చేతిలో ఒక యాభై పెట్టాడు. అడిగి తీయించినవాడే, ఇష్టపడి ఇచ్చాడు. ఆ రెండూ చేసినవాడికి ఇక ఏ తలుపు దగ్గరా భయం వుండదు.

945 అంటే చౌకా? కాదు. ఆ దుడ్లతో నగరి మెస్సులో పూటకొక భోజనం చొప్పున వారం తినొచ్చు. అందుకే చెబుతున్నాను, బోర్డు మీద బిస్ట్రో అని రాసినంత మాత్రాన బిస్ట్రో అయిపోదు. విడ్డూరం చూడండి... 1960లో ఫ్రాన్సులో ఇలాంటి కొట్లు సుమారు 2 లక్షలు వుండేవంటారు, ఇప్పుడు 40 వేలకి లోపే. అక్కడ కొట్టు మూతపడుతోంది, ఇక్కడ పేరు వెలిగిపోతోంది!

కాబట్టి మిత్రులారా, వెళ్ళేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ధర బయట రాయని చోట, లోపలికెళ్ళేముందే అడగండి. వంటలు పది లోపుంటే సంతోషించండి, వందుంటే అనుమానించండి. శాకాహారులైతే చారులో ఏం పోశారో తప్పక కనుక్కోండి. సీసా నీళ్ళు తెస్తే, మామూలు నీళ్ళు చాలని చెప్పండి. రేపు అదృష్టం బాగుండి నిజంగా పారిస్ వెళ్తే, లోపలికి అడుగు పెట్టగానే "బోఁజూర్" అనండి. పలకరించకుండా ఆర్డరివ్వడం అక్కడ అమర్యాద. అక్కడ భోజనంతో రొట్టె, కుళాయి నీళ్ళు ఉచితం. సర్వీసు ధరలోనే కలిసి వుంటుంది.

పల్లవికీ చరణానికీ మధ్య కాఫీ తాగే హీరోలని చూసి ఈలెయ్యండి, తప్పులేదు. కానీ ధర అడిగి, నచ్చింది తిని, బిల్లు చదివి డబ్బిచ్చే కుర్రాడు ఆ హీరో కన్నా ఒక మెట్టు పైనే. మరి మీ వూళ్ళో మీరు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన హోటలు ఏది? ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. పై వారం కలుద్దాం. సెలవు!