ట్యాంకు పక్కన ఏ ఆవు?

టైగర్ ట్యాంకు చక్రానికి ఎన్ని బోల్టులుంటాయో అడగండి... స్కేల్ మోడల్స్ చేసేవాళ్లు నిద్రలో లేపినా చెబుతారు. 1944లో దానికి ఏ రంగు వేశారు, సైనికుడి కోటుకు గుండీలెన్ని... అన్నీ కంఠతా! అదే ట్యాంకు పక్కన మేస్తున్న ఆవు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది చేతికందిన బొమ్మకు తెల్లరంగు పూసి, నాలుగు నల్లమచ్చలు పెట్టి పచ్చికలో నిలబెట్టేస్తారు. పప్పులో కాలేసేది అక్కడే.

యుద్ధ దృశ్యాన్ని బల్లమీద బుల్లి సైజులో చూపే ఈ డయోరమాలకు ఇష్టమైన చోటు ఫ్రాన్స్‌లోని నార్మండీ. 1944 జూన్ 6న మిత్రసేనలు దిగింది అక్కడే. యుద్ధం సంగతి అలా ఉంచితే, అది పాలకూ వెన్నకూ పేరున్న సీమ. ఆ పాలు నార్మండ్ జాతి ఆవువి. దాని వంశావళి రిజిస్టరు 1883 నుంచీ ఉంది. మీగడ రంగు ఒళ్లు, దానిమీద గోధుమ మచ్చలు, కొన్నింటికి ముదురు చారలు, కళ్ల చుట్టూ జోడు పెట్టుకున్నట్టు మరకలు! నల్లతెలుపు హాల్‌స్టీన్ల జోరు అక్కడ పెరిగింది యుద్ధం ముగిశాకే. మూపురం చూసి ఒంగోలు గిత్తను ఆమడ దూరం నుంచే గుర్తుపట్టే మనకు ఇదెంత పొరపాటో వేరే చెప్పాలా?

1/35 స్కేలులో 140 సెంటీమీటర్ల ఎత్తు ఆవు 4 సెంటీమీటర్లకు వస్తుంది. బొటనవేలంత బొమ్మ మీద కళ్లజోడు గీయడమంటే సన్నటి బ్రష్షుతో ఊపిరి బిగబట్టాల్సిందే. ఇక్కడో చిక్కుంది. ఇప్పటి ఫొటో చూసి చేస్తే ఇప్పటి ఆవే వస్తుంది. చెవికి పసుపు ట్యాగు, కొమ్ములు తీసేసిన తల, బరువైన పొదుగు... 1944 నాటి ఆవుకు ట్యాగు లేదు, కొమ్ములున్నాయి. అందుకే తెలిసినవాళ్లు పొదుగును ఆకురాయితో కాస్త అరగదీసి, పుట్టీతో కొమ్ములు మలుస్తారు.

అన్నీ సరిగ్గా కుదిరినా ఒకటి మిగిలిపోతుంది. ఆ వేసవిలో నార్మండీ పొలాల్లోని ఆవులన్నీ మేస్తూ లేవు. ఫిరంగి గుండ్లకు చచ్చి, పొట్టలు ఉబ్బి, కాళ్లు కర్రల్లా పైకి లేచి పడున్న పశువులు ఆనాటి ఫొటోల్లో కనిపిస్తాయి. ఆ కంపు గురించి సైనికులు చాలాకాలం చెప్పుకున్నారు. ఆగస్టులో ఫలేజ్ దగ్గర జర్మన్లు చిక్కుకున్నప్పుడు దారుల నిండా గుర్రాల కళేబరాలే. మోటారు సైన్యమని పేరేగానీ, జర్మన్ల సరుకు లాగిన వాటిలో గుర్రాలే ఎక్కువ మరి!

కాలిన ట్యాంకును ముచ్చటపడి చేసేవాళ్లు కూడా చచ్చిన ఆవు దగ్గర వెనకాడతారు. నాకైతే అది లేని నార్మండీ పోస్టుకార్డులా అనిపిస్తుంది. మరీ మనసొప్పకపోతే ఇంకో దారుంది. రైతులు ఇళ్లొదిలి పారిపోతే, పాలు పితికేవాళ్లు లేక ఆవులు పొదుగులు బిగిసి అరిచేవి. పల్లెల నుంచి వచ్చిన సైనికులు ఆ అరుపులు వినలేక తుపాకీ పక్కన పెట్టి పితికేవారు. గొంతుకు కూర్చున్న సైనికుడు, హెల్మెట్ నేలమీద, ముందు కొమ్ముల ఆవు... ఈ ఒక్క ఆవుకు మాత్రం పొదుగు అరగదీయక్కర్లేదు.