చక్రాల కుర్చీతో హైదరాబాదు వెళుతున్నారా?

ఇంట్లో చక్రాల కుర్చీలో ఉన్నవారిని హైదరాబాదు చూపించాలనుకుంటే ముందు టేపు తీసుకుని కుర్చీ వెడల్పు కొలవండి. సాధారణంగా 25, 26 అంగుళాలుంటుంది. తర్వాత హోటలుకు ఫోను చేసి బాత్‌రూము తలుపు వెడల్పు అడగండి. 32 అంగుళాలు లేకపోతే వేరే హోటలు చూసుకోవడం మేలు. "లిఫ్టు ఉందండీ" అంటారు. లిఫ్టు దాకా ఎన్ని మెట్లెక్కాలో వారంతట వారు చెప్పరు, మీరే అడగాలి!

మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. చార్మినారును మాత్రం కింద నుంచే చూడాలి, పైకి మెట్లే గతి. గోల్కొండ శిఖరమూ అంతే.

మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో చాలామంది దారి పొడుగునా నీళ్ళు తాగరు. అది పెద్ద పొరపాటు. మూత్రం చిక్కబడి, ఇన్‌ఫెక్షను సోకి, చలిజ్వరం రావచ్చు. వెన్ను దెబ్బతిని గొట్టం ద్వారా మూత్రం తీసుకునేవారికి ఈ భయం మరీ ఎక్కువ. నీళ్ళు మాన్పించకండి. కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కుని, దాన్నిబట్టి ఏ పూట ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించుకోండి.

స్పర్శ లేనివారికి పిరుదుల మీద పుండు పడుతున్నా తెలియదు. అరగంటకోసారి ముందుకు బాగా వంగి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండమనండి. పడకుండా మీరు పట్టుకోండి. కుర్చీలో మెత్తటి దిండు తప్పనిసరి. రాత్రి పడుకోబోయే ముందు పిరుదులు, తుంటి, మడమలు చూడండి. ఎర్రమచ్చ కనిపించి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే, మర్నాడు కుర్చీ ఎక్కించకండి, డాక్టరుకు చూపించండి. గోల్కొండ ఎక్కడికీ పోదు.