జనన ధ్రువపత్రం: అసలు ఉన్నది రిజిస్టర్‌లోనే

విదేశంలో స్థిరపడేందుకు పెట్టే దరఖాస్తుకు అసలు పత్రాలు జతచేయాలా, జిరాక్సులు చాలా అన్న చర్చలో మరుగున పడేది చట్టం. జననం విషయంలో అసలు అనదగ్గది స్థానిక రిజిస్ట్రార్ దగ్గరున్న రిజిస్టరే. బీరువాలోని కాగితం, ఎంత పాతదైనా, అందులోంచి తీసిచ్చిన నకలే.

జనన మరణాల నమోదు చట్టం (1969) 17వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టి రిజిస్టర్ వెతికించి నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రార్ ధ్రువీకరించిన నకలు జననానికి సాక్ష్యంగా చెల్లుతుంది. ధ్రువీకరణ ఎలా ఉండాలో 1872 నాటి సాక్ష్య చట్టం 76వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 75వ సెక్షన్‌లోనూ అదే ఉంది. అడుగున ఇది సరైన ప్రతి అన్న మాట, తేదీ, అధికారి పేరు, హోదా, సంతకం, ముద్ర ఉండాలి.

కోయంబత్తూరు, మదురై తెలుగు కుటుంబాలకు ఇలాంటి నకలు మరీ అవసరం. ఇంట్లో తెలుగు మాట్లాడినా కాగితాలు తమిళంలో ఉంటాయి. ఇంటిపేరు బదులు తండ్రి పేరులోని తొలి అక్షరం ఉంటుంది. పేరు పెట్టకముందే నమోదు చేయించిన పాత పత్రాల్లో బిడ్డ పేరుండదు. నమోదు చట్టం 14వ సెక్షన్ కింద పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. తప్పు దొర్లితే 15వ సెక్షన్ ప్రకారం మొదటి నమోదును చెరపకుండా రిజిస్ట్రార్ అంచున సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. ఇవేవీ బీరువాలోని కాగితానికి ఎక్కవు. కొత్త నకలులోనే కనిపిస్తాయి.

అమెరికా వలస సేవల సంస్థ తన దగ్గర దాఖలయ్యే దరఖాస్తులకు, ప్రత్యేకంగా అసలు అడిగితే తప్ప, చదవడానికి వీలైన జిరాక్సు చాలంటుంది. అడగకుండా పంపిన అసలు పత్రాలు తిరిగొస్తాయన్న హామీ లేదు. తమిళ పత్రానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తోడవ్వాలి. వలస వీసా ఇంటర్వ్యూకు మాత్రం అసలు గానీ ధ్రువీకృత ప్రతి గానీ వెంట ఉండాలి.

కొత్త తేదీతో తెచ్చిన పత్రాన్ని అధికారులు అనుమానిస్తారన్న భయం రెండు తేదీలను కలిపేయడం వల్ల పుట్టింది. వాళ్లు ఆరా తీసేది పుట్టిన చాలా ఏళ్లకు చేయించిన నమోదును; నకలు ఎప్పుడు జారీ అయిందన్నది వేరే సంగతి. నమోదు తేదీ కొత్త నకలులోనూ ఉంటుంది. రిజిస్టర్ పాడైపోయినా, నమోదే దొరకకపోయినా పాత కాగితానికి, స్కూలు రికార్డుకు బలం వస్తుంది. అప్పుడు నమోదు లేదన్న ధ్రువీకరణ కూడా జతచేయాలి. రిజిస్టర్ పదిలంగా ఉన్నంతవరకు సవరణలతో సహా తీసుకున్న తాజా నకలే బలమైన రుజువు. దరఖాస్తుదారు ముందుగా తిరగాల్సింది రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూనే.