ప్రతిబింబము భద్రత కాదు

రెండు కంప్యూటర్లలోని ఫైళ్లను సరిపోల్చి యొక్కరీతిగ నుంచుటకు స్క్రిప్టులు మిక్కిలి యుపకరించును. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనువారు వెలువరించిన ఆర్‌సింక్ ఇందుకు ప్రసిద్ధమైన సాధనము. అది సామాన్యముగా ఫైలు పరిమాణమును, కడపట మార్చిన కాలమును చూచి, భేదము గలవానినే పంపును. ఆ రెండును సమమైనచో, ‘చెక్‌సమ్’ అని కోరిననేగాని లోపలి విషయమును పోల్చదు.

‘డిలీట్’ అని చేర్చితిమా, మూలమున లేనిది గమ్యమునను తుడిచివేయబడును. పొరపాటున నొకచోట చెరిపిన వ్యాసము రెండవచోటను నశించును. కావున ప్రతిబింబమును భద్రతయని భ్రమింపరాదని మా యభిప్రాయము.

విద్యార్థులారా! మొదట ‘డ్రై-రన్’ చేసి, ఏమి జరుగనున్నదో చదువుకొనుడు. పాతప్రతి నొకదానిని వేరుగ దాచుడు. ఆజ్ఞాపించినది యంత్రము చేయును; ఆ యాజ్ఞ యెట్టిదో యెఱుగుట మన విధి.