గృహవిద్య: సోల, తవ్వ, ఒక మట్టిపళ్లెము

తాడేపల్లిగూడెమునుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. ఆమెకు అయిదేండ్ల కుమారుడు కలడు. పలక కంటబడినంతనే వాడు మంచము క్రిందికి దూరుచున్నాడట. ఎదురింటి పిల్లవాడు నూటివరకు గడగడ చదువుచుండగా తమవాడు ఇరువదికే తడబడుచున్నాడనియు, అత్తగారు దెప్పుచున్నారనియు, ఒక యేడాది బడి మాన్పించి తామే చదువు చెప్పుకొన్నచో తప్పగునా యనియు ఆమె యడిగిరి. "వాని చదువు పాడుచేసినదాననగుదునేమోయని భయముగా నున్నది" అని జాబు ముగించిరి. ఈ నెల మా పుట యంతయు ఆ సోదరికే.

తప్పు కాదని మేము చెప్పగలము. ఏలయన ఆ పని మేమును చేసితిమి. మా దౌహిత్రుడు అయిదవయేట ఒక బడిలో నాలుగు నెలలు చదివెను. వాడు ఎడమచేతివాటపు బిడ్డ. ఎడమచేత బలపము పట్టినందుకు వ్రేళ్లమీద దెబ్బలు తినుచున్నాడని మాకు చాల ఆలస్యముగా తెలిసినది. బిడ్డలను కొట్టరాదని 2009నాటి విద్యాహక్కు చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. కాని వాని వ్రేళ్లకు ఆ సంగతి తెలియదు గదా! పిల్లవాడు మాటలాడుట తగ్గించెను. అమ్మాయియు అల్లుడుగారును ఉద్యోగములకు పోవువారగుటచే వానిని ఏలూరులో మాయొద్ద దింపిరి.

మొదటి నెల మేము చేసిన నిర్వాకము చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. బడిలో జరిగినదే ఇంటను జరిపించితిమి: ప్రొద్దున అక్షరములు, మధ్యాహ్నము అంకెలు, సాయంత్రము అప్పగింత. బెత్తమొక్కటే తక్కువ. ఒకనాడు వంటకు బియ్యము కొలుచుచుండగా వాడు తానై వచ్చి ప్రక్కన కూర్చుండెను. మా ఇంట మా అత్తగారినాటి ఇత్తడి సోల, తవ్వ, మానిక ఇంకను ఉన్నవి. వాడు ఎడమచేత సోల తీసికొని తవ్వలో పోసెను, మరల పోసెను. నిండినది. "రెండు" అనెను. తవ్వతో మానిక నింపి, "ఇదీ రెండే!" అని నవ్వెను. వారము దినములకు వాని నోట వచ్చిన మొదటి నవ్వు అది. మేము ఊరకుండవలసినది. ఉండలేక, "అయితే రెండు మానికలకు ఎన్ని సోలలు?" అని అడిగితిమి. వాడు సోల క్రింద పెట్టి లేచిపోయెను.

మరునాడు బియ్యపుడబ్బా మూత తీసి, నోరు మూసికొంటిమి. మూడవనాడు వాడు నేలమీద బియ్యము కుప్పలు పోసికొని చాలసేపు కూర్చుండి, వంటింటిలోనికి వచ్చి, "అమ్మమ్మా, రెండు మానికలకి ఎనిమిది సోలలు" అని చెప్పి పోయెను. సోదరీ, చదువు చెప్పుటలో ఆనందమన్నది ఎట్టిదో మాకు ఆనాడు తెలిసినది. బిడ్డకు తోచువరకు మన నాలుకను పట్టుకొని కూర్చుండుట తక్కిన పనులన్నింటికంటె కష్టము.

అటుపిమ్మట సామగ్రికై మేము వెదకుకొనలేదు. వామనగుంటలపీట మీద గుంటకొక గింజ పంచుచు భాగహారము నేర్చెను. మేము ముగ్గుచుక్కలు పెట్టుచుండగా వరుసలు లెక్కించెను. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. ఏ చేతితోనని మేమడుగలేదు. ఇది క్రొత్త విద్యయనుకొనవలదు. మేరియా మాంటిస్సోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకారణమున 1946వరకు ఈ దేశముననే యుండి, చేతితో తాకి నేర్చు పద్ధతిని ఉపాధ్యాయులకు బోధించెను. ఇక ఇంటిచదువు మాట యందురా, భండారు అచ్చమాంబగారు బడికి పోయినవారు కారు; తమ్ముడు చదువుకొనుచుండగా ఇంటనే నేర్చి గ్రంథకర్త్రియైరి. మన ఏలూరున 1902లో పుట్టిన 'హిందూసుందరి' పత్రికలో ఆమె రచనలు వెలువడినవి.

మాకు ఎక్కువ నేర్పినది మట్టిపళ్లెము. వేసవిలో ఒకనాడు వెడల్పైన పాతపళ్లెమున బంకమన్ను మెత్తి, నడుమ గుంట చేసి "ఇది కొల్లేరు" అంటిమి. ఎగువను రెండు గాళ్లు తమ్మిలేరు, బుడమేరు. దిగువ సన్నని గాడి ఉప్పుటేరు. దానికొసను సముద్రమని ఒక గిన్నె. వాడు తమ్మిలేటి ప్రక్కన చింతగింజ నొకటి గ్రుచ్చి, అది మన ఇల్లనెను. చెంబుతో నీరు పోయగా గుంట నిండి, మెల్లగా గిన్నెలోనికి దిగెను. పళ్లెమును అటునుండి ఎత్తిచూచి, గిన్నెలోని నీరు వెనుకకు వచ్చుట కనిపెట్టెను. కొల్లేటినీరు తగ్గినపుడు ఉప్పుటేటి దారిని ఉప్పునీరు ఎగదన్నుట నిజముగా జరుగు సంగతియే.

పిమ్మట కైకలూరు దారిలో బస్సుకిటికీనుండి చూచిన చేపలచెరువులు జ్ఞప్తికి వచ్చి, గుంట నిండ చిన్నచిన్న గట్లు కట్టెను. ఆ చెంబెడు నీరే మరల పోసెను. ఈ మారు నీరు పట్టలేదు. ఎగదన్ని చింతగింజను ముంచెను. "అమ్మమ్మా, మన ఇల్లు మునిగిపోయింది!" అని కేకవేసి, తానే వ్రేలితో గట్లు త్రెంచెను. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరనియు, 2006లో ప్రభుత్వమువారు అందులోని చెరువులగట్లు నిజముగనే త్రెంచిరనియు అప్పుడు చెప్పితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, "మరి చేపలు పెంచేవాళ్లేం తిన్నారు?" అనెను. పెద్దలకే ఇంకను తెగని ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను, లేదనియే చెప్పితిమి.

శీతకాలమున వానిని ఆటపాక పక్షికేంద్రమునకు తీసికొనిపోతిమి. గూటికొక చింతగింజ చొప్పున గూడబాతుల గూళ్లు లెక్కింతునని సంచి తెచ్చుకొనెను. గింజలయిపోయినవి, గూళ్లు కాలేదు.

ఇంతవరకు తీపి చెప్పితిమి. ఇది తీరికగల చేయి యొకటి ఇంటనున్నప్పుడే సాగును. కూలికి పోవు తల్లిని ఇట్లు చేయుమనుట అన్యాయము. మాకును చిరాకుపడిన దినములు కలవు. అన్నము మాడిన దినములును కలవు. వానికి తోడు లేక దిగులుపడగా ప్రక్కవీథి పిల్లలను సాయంత్రములు పిలిచితిమి. ఆరునిండినపిమ్మట బడికి పంపితిమి. ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డలకు బడిచదువును హక్కుగా నిచ్చినది పైచట్టమే. పంపుటకు ముందు పంతులమ్మగారిని కలిసికొని, ఎడమచేతి సంగతి ముందుగనే చెప్పితిమి.

సోదరీ, మీ వానికి అయిదేండ్లే. మూడునుండి ఎనిమిదేండ్లవరకు ఆటయే పునాదియని 2020నాటి జాతీయ విద్యావిధానమే చెప్పుచున్నదని అత్తగారితో మెల్లగా అనుడు. ఆమెయొద్ద పాతసోల యుండవచ్చును, అడిగి తీసికొనుడు. కొలత చూపవలసినదిగా ఆమెనే కోరుడు. పలకను కొన్నాళ్లు అటకమీద నుంచుడు. మీ వాడు మంచము క్రిందినుండి వచ్చి మొదట ఏది ముట్టుకొనెనో మాకు వ్రాయుడు.